కొత్త సినిమా చూసేశాక: ప్రాంతీయ ఓటీటీల అసలు లెక్క

2025 ఫిబ్రవరి 7న థియేటర్లకు వచ్చిన ‘తండేల్’ సరిగ్గా నెల తిరిగేసరికి ఓటీటీలో దిగింది. బ్యానర్ గీతా ఆర్ట్స్, సమర్పకుడు అల్లు అరవింద్. తెలుగు ప్రేక్షకుల కోసమే పుట్టిన ఆహాను మైహోమ్ గ్రూప్‌తో కలిసి పెట్టింది కూడా ఆయనే. అయినా సినిమా ఆహాకు రాలేదు, నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లింది. ఇది ఒక్కసారి జరిగింది కాదు. ఆహా ఇంకా తలుపులు తెరుస్తున్న రోజుల్లో, 2020 సంక్రాంతికి వచ్చి ఊపేసిన ‘అల వైకుంఠపురములో’ కూడా సన్ నెక్స్ట్, నెట్‌ఫ్లిక్స్‌లకే పోయింది. ఆహాకు ప్రచారం చేసిన అల్లు అర్జున్ సినిమా ‘పుష్ప’ను తీసింది వేరే సంస్థ కాబట్టి దాని సంగతి వేరు. మొదటి భాగం అమెజాన్ ప్రైమ్‌లో, రెండోది నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాయి. వడ్డించేవాడు మనవాడైతే చివరి బంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. డిజిటల్ హక్కుల వ్యాపారంలో ఆ సామెత పనిచేయడం లేదు.

ఎందుకు పనిచేయదో అర్థమైతే ప్రాంతీయ ఓటీటీల కథ సగం అర్థమైనట్టే. స్టార్ హీరో సినిమాను నెట్‌ఫ్లిక్స్ ఒక్క తెలుగు కోసం కొనదు. చాలాసార్లు తెలుగుతో పాటు హిందీ, తమిళ, మలయాళ, కన్నడ డబ్బింగులు ఒకే ఒప్పందంలో తీసుకుంటుంది. 190కి పైగా దేశాల్లో చూపిస్తుంది. పెట్టిన డబ్బును అయిదు భాషల ప్రేక్షకుల మీద పంచుకుంటుంది. అదే సినిమాను తెలుగు ఓటీటీ కొంటే మొత్తం భారం తెలుగు చందాదారుల మీదే పడుతుంది. నిర్మాత ఎంత దగ్గరివాడైనా, సినిమాకు ఫైనాన్స్ తెచ్చినవాళ్లకు వడ్డీ కట్టాలి కదా. ఎక్కువ ఇచ్చేవాళ్లకే ఇస్తాడు. తప్పు పట్టడానికేమీ లేదు.

తెలుగు ఓటీటీ వైపు నుంచి ఈ లెక్క చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఆహా 2020 ఉగాదికి మొదలైనప్పుడు ఏడాది చందా 365 రూపాయలు. రోజుకు రూపాయి, చెప్పుకోవడానికి బాగుంది. ఆ ధరలోనే 18 శాతం జీఎస్టీ ఉందనుకుంటే పన్ను కింద దాదాపు 56 రూపాయలు పోతాయి. మిగిలేది 309. చందాదారు ఫోన్‌లో యాప్ స్టోర్ ద్వారా కట్టాడనుకుందాం, కమిషన్ 15 శాతం అనుకుందాం. ఇంకో 46 పోయి చేతికొచ్చేది 263 రూపాయలు. ఇప్పుడు పది కోట్లు పెట్టి ఒక సినిమా కొన్నారనుకోండి. ఆ ఒక్క సినిమా ఖర్చు రాబట్టడానికి 3 లక్షల 80 వేల మంది ఏడాది చందా మొత్తం కావాలి. సర్వర్లు, జీతాలు, హోర్డింగులు, మిగతా సినిమాలు ఇందులో లేవు. పైగా ఓటీటీలో ఒక విచిత్రం ఉంది. చందాదారు ఎంత ఎక్కువసేపు చూస్తే డేటా పంపే ఖర్చు అంత పెరుగుతుంది, వచ్చే చందా మాత్రం పెరగదు. అలాగని చూడకుండా ఊరుకుంటే వచ్చే ఏడాది రెన్యువల్ చేయడు.

అందుకే చందా కట్టించడం కంటే కట్టినవాళ్లను నిలబెట్టుకోవడం కష్టం. చందాదారులు ఇలా జారిపోవడాన్ని ఈ రంగంలో పనిచేసేవాళ్లు ‘చర్న్’ అంటారు. ఉన్నవాళ్లలో ఎంతమంది వెళ్లిపోతున్నారు అన్న లెక్క అది. కొత్త సినిమా పెట్టిన వారం చందాలు ఎగబాకుతాయి. సినిమా చూసేశాక సగటు ప్రేక్షకుడికి ఆ యాప్‌తో పనేముంది? పెద్ద సినిమా జనాన్ని తెస్తుంది, నిలబెట్టదు. ప్రాంతీయ ఓటీటీల్లో ఏది నిలదొక్కుకుంటోంది, ఏది ఆయాసపడుతోంది అని చూస్తే తేడా ఇక్కడే కనిపిస్తుంది. పెద్ద సినిమాల కోసం పెద్దవాళ్లతో వేలంలో పోటీ పడిన చోట డబ్బు కరిగిపోతుంది. చిన్న కథలను సొంతంగా, తరచుగా, తక్కువ ఖర్చుతో తీసే అలవాటు ఉన్న చోట చందా నిలుస్తుంది.

దీనికి మన దగ్గరికంటే ముందు బెంగాల్లో మంచి ఉదాహరణ కనిపిస్తుంది. కోల్‌కతాలో సినిమా నిర్మాణ సంస్థ ఎస్‌వీఎఫ్ 2017 సెప్టెంబర్‌లో, దుర్గాపూజకు కాస్త ముందు, హోయ్‌చోయ్ మొదలుపెట్టింది. అప్పటికి జియో వచ్చి ఏడాదే. డేటా చవకైంది గానీ, ఒక ప్రాంతీయ భాషకే చందా కట్టమంటే కడతారా అన్న అనుమానం అందరికీ ఉండేది. ఎస్‌వీఎఫ్ చేతిలో రెండు బలాలు ఉన్నాయి. ఒకటి, ఏళ్ల తరబడి తీసిన సినిమాల లైబ్రరీ. ఎవరినీ బతిమాలకుండా యాప్ నింపడానికి అది చాలు. రెండోది బెంగాలీ పాఠకుల డిటెక్టివ్ కథల పిచ్చి. బ్యోమకేశ్ లాంటి పాత్రలు ప్రతి ఇంటికీ తెలుసు. కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేదు. ఒక సీజన్ అయ్యాక ఇంకో సీజన్ కోసం ఎదురుచూస్తారు. డిటెక్టివ్ కథకు భారీ సెట్లు, గ్రాఫిక్స్ అక్కర్లేదు. నాలుగు గదులు, మంచి నటులు, గట్టి స్క్రిప్టు ఉంటే చాలు.

2018లో హోయ్‌చోయ్‌లో వచ్చిన ‘ఏకేన్ బాబు’ను దగ్గరగా చూడాలి. భోజనప్రియుడు, కాస్త అమాయకంగా కనిపించే డిటెక్టివ్. స్టార్ వేసిన పాత్ర కాదు, అనిర్బాన్ చక్రవర్తి అనే రంగస్థల నటుడు వేశాడు. సీజన్ మీద సీజన్ వచ్చింది. పాత్ర ఎంత పాతుకుపోయిందంటే 2022లో ఆ డిటెక్టివ్‌తో సినిమా తీసి నేరుగా థియేటర్లో వేశారు, మరుసటి ఏడాది ఇంకోటి తీశారు. సాధారణంగా థియేటర్ నుంచి ఓటీటీకి వచ్చే ప్రవాహం ఇక్కడ ఎదురు తిరిగింది. ఓటీటీలో పుట్టిన పాత్రకు జనం టికెట్ కొన్నారు. హక్కులు కొనుక్కునే సంస్థకు ఈ అవకాశం ఉండదు. కొన్న సినిమా ఎప్పటికీ వేరేవాళ్లదే, ఒప్పందం గడువు తీరగానే వెళ్లిపోతుంది. సొంతంగా తీసిన కథ సొంత ఆస్తిగా ఉండిపోతుంది.

బెంగాలీకి ఇంకో వసతి ఉంది, అది తెలుగుకు లేదు. సరిహద్దు అవతల ఒక దేశం మొత్తం అదే భాష మాట్లాడుతుంది. హోయ్‌చోయ్ ఢాకా దర్శకులతో అక్కడి కథలు తీయించింది. ‘తక్‌దీర్’, 2021లో వచ్చిన ‘మహానగర్’ ఇటు కోల్‌కతాలోనూ గొప్పగా ఆడాయి. కానీ మార్కెట్ ఉందని ఒకరు చూపించగానే స్థానికులు ఊరుకోరు. అదే ఏడాది బంగ్లాదేశ్‌లో చోర్కి పేరుతో సొంత ఓటీటీ మొదలైంది. ఢాకా దర్శకులకు ఇప్పుడు సొంత ఊళ్లోనే ఇంకో తలుపు ఉంది.

తెలుగు విషయానికి వస్తే, 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8.11 కోట్ల మంది. పక్కన మరో తెలుగు దేశం లేదు గానీ, అమెరికా ఉంది. 2010 నుంచి 2017 మధ్య అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ల సంఖ్య 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటింది. ఈ ప్రవాస తెలుగువాళ్లను ఓటీటీ అన్న మాట ఇంకా వాడుకలోకి రాకముందే పట్టుకున్న సంస్థ ఒకటుంది. ఉదయ్ రెడ్డి 2006లో ప్రారంభించిన యప్‌టీవీ. డిష్ పెట్టించుకుని తెలుగు చానళ్లు చూడాల్సిన రోజుల్లో ఇంటర్నెట్ మీద లైవ్ చానళ్లు ఇచ్చింది. విదేశీ చందా డాలర్లలో వస్తుంది కాబట్టి ఒక్కో ఇల్లు ఇక్కడి ఎన్నో ఇళ్లకు సమానం. కానీ అక్కడి తెలుగు కుటుంబం కొత్త సినిమాను ప్రీమియర్ షోకే చూసేస్తుంది, నెట్‌ఫ్లిక్స్ ఇంట్లో ఎలాగూ ఉంటుంది. తెలుగు ఓటీటీ దగ్గర వాళ్లకు కావాల్సింది అమ్మమ్మ చూసే సీరియల్, పండగ ప్రత్యేక కార్యక్రమం, తెలుగు సగమే వచ్చిన పిల్లలకు సరైన ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్. చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, రెండో తరం ప్రేక్షకుడు ఉంటాడా పోతాడా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది. మన సంస్థల్లో చాలావాటికి ఇంకా ఆ శ్రద్ధ లేదు. డైలాగ్‌లో ఉన్న చమత్కారం సబ్‌టైటిల్‌లో చచ్చిపోతుంది.

ఆహాకు మొదటి ఊపు ఇచ్చింది లాక్‌డౌన్. ఉగాదికి, అంటే 2020 మార్చి 25న, ఘనంగా మొదలైన రోజే దేశమంతా తలుపులు మూసుకుంది. థియేటర్లు లేవు, షూటింగులు లేవు. విడుదలకు సిద్ధంగా ఉన్న చిన్న సినిమాలు నేరుగా ఓటీటీకి వచ్చాయి. అలా అక్టోబర్‌లో ఆహాలో వచ్చిన ‘కలర్ ఫోటో’ తర్వాత ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. రంగు, కులం, ప్రేమ కలిపిన ఆ కథ మామూలు రోజుల్లో థియేటర్‌కు వస్తే మొదటి వారాంతం దాటేదో లేదో. ఓటీటీ దానికి నోటిమాట పాకేంత సమయం ఇచ్చింది. ప్రాంతీయ ఓటీటీ ఉండటం వల్ల భాషకు జరిగే మేలు ఏమిటంటే ఇదీ.

తర్వాత థియేటర్లు తెరుచుకున్నాయి. ‘క్రాక్’, ‘డీజే టిల్లు’, ‘భీమ్లా నాయక్’ లాంటి సినిమాలను ఆహా తెచ్చింది. ఆఖరిదాన్ని హాట్‌స్టార్‌తో పంచుకోవాల్సి వచ్చింది. మలయాళ సినిమాలను తెలుగులోకి డబ్ చేసి ఇచ్చింది. ఆ డబ్బింగుల పుణ్యాన మలయాళ నటులు తెలుగు ఇళ్లలో చుట్టాలయ్యారు. కానీ ఆహా కట్టిన అసలైన ఇల్లు సినిమా కాదు, 2021 నవంబర్‌లో మొదలైన ‘అన్‌స్టాపబుల్’ టాక్ షో. బాలకృష్ణను అప్పటిదాకా ఎవరూ టీవీ వ్యాఖ్యాతగా ఊహించలేదు. స్టూడియో, ఇద్దరు కూర్చునే సోఫా, మాటలు. సినిమా హక్కులతో పోలిస్తే ఇందులో ఖర్చు ఎంత? పైగా వారం వారం వస్తుంది. రెండో సీజన్ చంద్రబాబు నాయుడుతో మొదలై, పవన్ కల్యాణ్, ప్రభాస్ దాకా వచ్చింది. 2022 డిసెంబర్ చివర్లో ప్రభాస్ ఎపిసోడ్ వచ్చిన రాత్రి అభిమానుల తాకిడికి యాప్ మొరాయించింది. యాప్ తట్టుకోలేనంత రద్దీ ఒక మాటల కార్యక్రమానికి వచ్చిందంటే, నెట్‌ఫ్లిక్స్ కొనలేనిది ఏమిటో తెలుస్తుంది. బాలయ్య అతిథిని ఎలా ఆటపట్టిస్తాడు, ఆ మాటలో పాత గొడవ ఏది దాగి ఉంది, ఎవరి ముందు ఎవరి పేరు ఎత్తాడు అన్నది తెలుగువాళ్లకే తెలిసిన సంగతి. దాన్ని అయిదు భాషల్లోకి డబ్ చేసి లాభం లేదు. అందుకే అది తెలుగు ఓటీటీ చేతిలో నిలిచింది.

ఆ ఎపిసోడ్‌కే ఇంకో ముఖం ఉంది. అది బయటికి రాకముందే పైరసీ భయంతో ఆహా యాజమాన్య సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి, అనధికారంగా ప్రసారం చేసే సైట్లకు వ్యతిరేకంగా ఉత్తర్వు తెచ్చుకుంది. తెలుగులో పైరసీ అంటే పెద్దల నుంచి పిల్లల దాకా అందరికీ గుర్తొచ్చే పేరు ఐబొమ్మ. 2025 నవంబర్‌లో హైదరాబాద్ పోలీసులు దాని వెనక ఉన్న వ్యక్తి అంటూ ఒకరిని అరెస్టు చేశాక కొంత సద్దుమణిగింది. ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఉచితం కాబట్టే జనం అక్కడికి వెళ్లారనుకుంటే సగమే నిజం. ఏ సినిమా ఏ యాప్‌లో ఉందో వెతకనక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, తక్కువ డేటాతో పాత ఫోన్‌లో కూడా ఆడుతుంది. చందా కట్టిన ప్రేక్షకుడికి చట్టబద్ధమైన యాప్ ఇంత సులువుగా లేకపోతే పోలీసుల పని ఎప్పటికీ అవదు.

నిర్మాణ సంస్థ వెనక ఉన్న ఓటీటీ ఒక రకమైతే, టీవీ చానల్ వెనక ఉన్నది ఇంకో రకం. సన్ నెక్స్ట్, మలయాళంలో మనోరమ మ్యాక్స్, మనకు ఈటీవీ విన్ ఈ కోవలోవి. వీటికి ఖర్చు మొదటి రోజు నుంచే తక్కువ. 1995 నుంచి ఈటీవీ తీసిన సీరియళ్లు, షోలు ఉన్నాయి. స్టూడియోలు, కెమెరాలు, ఎడిటింగ్ గదులు, నెల జీతం మీద పనిచేసే మనుషులు ఉన్నారు. ప్రచారానికి సొంత చానలే ఉంది. కానీ ఈ సంస్థలకు ఇంట్లోనే శత్రువు ఉంది, యూట్యూబ్. కామెడీ షో ఎపిసోడ్‌ను యూట్యూబ్‌లో పెడితే ప్రకటనల డబ్బు వెంటనే వస్తుంది. అది అక్కడ ఉచితంగా దొరుకుతుంటే చందా ఎవరు కడతారు? పెట్టకపోతే ఉన్న ఆదాయం పోతుంది. ఏ చానల్‌కూ దీనికి పూర్తి పరిష్కారం దొరకలేదు. యూట్యూబ్‌ను వదలకుండానే, అక్కడ లేని కొత్త సరుకును ఓటీటీ కోసం విడిగా తీయడం ఒక్కటే దారి.

ఈటీవీ విన్ ఆ దారి పట్టింది. 2024 సంక్రాంతికి ముందు వచ్చిన ‘నైన్టీస్’ సిరీస్ మధ్యతరగతి ఇంటి కథ. లెక్కల మాస్టారు తండ్రి, మార్కుల గొడవ, ఇంట్లో ఒక్క టీవీ, ఖర్చు పెట్టే ముందు పదిసార్లు ఆలోచించే తల్లి. హత్యలు లేవు, బూతులు లేవు. అప్పటిదాకా వెబ్ సిరీస్ అంటే ఇంట్లో అందరూ కలిసి చూడలేనిది అన్న పేరుండేది. దాన్ని ఈ సిరీస్ తిరగేసింది. తాతయ్య, మనవరాలు ఒకే సోఫాలో కూర్చుని చూశారు. ఓటీటీ వ్యాపారానికి ఇది చిన్న తేడా కాదు. ఒక్కడు ఫోన్‌లో చూసే చందాను ఆ ఒక్కడు రద్దు చేసుకుంటాడు. ఇంటిల్లిపాదీ హాల్లో టీవీలో చూసే చందాను రద్దు చేయాలంటే ఎవరో ఒకరు ఒప్పుకోరు.

ఆ సిరీస్‌లో పెద్ద కొడుకుగా కనిపించిన మౌళి హీరోగా అదే సంస్థ ‘లిటిల్ హార్ట్స్’ తీసింది. ఓటీటీ కోసం అనుకునే స్థాయి చిన్న సినిమా. దాన్ని 2025 సెప్టెంబర్ 5న ముందు థియేటర్లో వేశారు, బ్రహ్మాండంగా ఆడింది. ఆ తర్వాత సొంత యాప్‌లోకి వచ్చింది. కోల్‌కతాలో ఏకేన్ బాబు చేసిన పనే ఇక్కడ మరో రూపంలో జరిగింది. నటుడిని ఓటీటీ తయారుచేసుకుంది, సినిమా సొంతం, థియేటర్ లాభం, తర్వాత యాప్‌కు చందాలు. వేలంలో ఎవరితోనూ పోటీ పడాల్సిన అవసరమే రాలేదు. ప్రతిసారీ ఇలా జరగదు. పది తీస్తే ఒకటి ఇలా పేలుతుంది. అయితే ఆ మిగతా తొమ్మిదింటి ఖర్చు కూడా ఒక స్టార్ సినిమా హక్కులంత కాకపోవడమే ఈ పద్ధతిలో ఉన్న బలం.

మూడో రకం, వెనక స్టూడియో, చానల్ ఏదీ లేని స్టార్టప్‌లు. వీటిలో ఆసక్తికరమైనది స్టేజ్. వాళ్లు భాషలు కూడా కాదు, యాసలు పట్టుకున్నారు. హర్యాన్వీతో మొదలుపెట్టి రాజస్థానీ, భోజ్‌పురిలకు వెళ్లారు. జనాభా లెక్కల్లో హర్యాన్వీని హిందీ కింద కలిపేస్తారు. అందువల్ల పెద్ద కంపెనీల పటంలో ఆ మార్కెట్టే కనిపించదు. తెలుగు సంస్థలు ఇక్కడ నేర్చుకోవాల్సింది చాలా ఉంది. తెలంగాణ మాండలికంలో, ఉత్తరాంధ్ర మాండలికంలో, రాయలసీమ పలుకుబడిలో మొత్తం కథ నడిపించే సిరీస్‌లు ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే. ఆ మాటలు యూట్యూబ్ షార్ట్ ఫిల్ముల్లో మాత్రం ఎప్పటి నుంచో జోరుగా ఉన్నాయి. ప్రేక్షకుడు ఉన్నాడని అక్కడే రుజువైంది.

స్టార్టప్‌కు కష్టం ఎక్కడొస్తుందంటే, దారి దాని చేతిలో ఉండదు. 2024 మార్చి 1న ఫీజుల గొడవలో గూగుల్ ప్లే స్టోర్ నుంచి కొన్ని భారతీయ యాప్‌లను తీసేసినప్పుడు వాటిలో స్టేజ్ కూడా ఉంది. కేంద్రం జోక్యం చేసుకున్నాక తిరిగి పెట్టారు. చందా వ్యాపారానికి యాప్ కనిపించకపోవడమంటే కొట్టు షట్టర్ దించేసినట్టే. ఇంకో చిక్కు 2021 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వ్ బ్యాంకు ఆటో డెబిట్ నిబంధనలు. డబ్బు కట్ అయ్యే ముందు రోజు కస్టమర్‌కు మెసేజ్ వెళ్లాలి. వినియోగదారుడికి ఇది నూటికి నూరుపాళ్లు న్యాయం. మర్చిపోయిన చందాల మీద బతకడం ఏ వ్యాపారానికీ మర్యాద కాదు. కానీ ప్రతి మెసేజూ ‘ఈ యాప్‌లో ఈ మధ్య ఏం చూశాం?’ అని ఇంట్లో అడిగించే ప్రశ్న. దానికి జవాబు లేకపోతే చందా అక్కడితో సరి.

ధర విషయంలో ప్రాంతీయ ఓటీటీలను నలిపేసింది మాత్రం పెద్దవాళ్ల పోటీయే. 2023లో జియో సినిమా ఐపీఎల్‌ను ఉచితంగా చూపించింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ప్రకటనలు లేని ప్రీమియం ప్లాన్‌ను నెలకు 29 రూపాయలకు ఇచ్చింది. హాలీవుడ్ సిరీస్‌లతో సహా అంత సరుకు 29కి దొరుకుతుంటే, ఒక్క భాష ఉన్న యాప్ ఏ ధర చెప్పాలి? హాట్‌స్టార్‌తో కలిసి 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ అయ్యాక ఈ బరువు ఇంకా పెరిగింది. దక్షిణాది భాషల మీద అయిదేళ్లలో 4,000 కోట్లు పెడతామని ఆ సంస్థ ప్రకటించింది.

టెలికాం బండిళ్లు ఊపిరిపోస్తున్నట్టే కనిపిస్తాయి గానీ వాటి లెక్క వేరు. 2022లో ఎయిర్‌టెల్ నెలకు 149 రూపాయలకు 15 ఓటీటీలు కలిపి ఇచ్చింది. హోయ్‌చోయ్, మనోరమ మ్యాక్స్ అందులో ఉన్నాయి. సమానంగా పంచినా ఒక్కోదానికి పది రూపాయలు రావు, పన్ను, ఎయిర్‌టెల్ వాటా పోతే ఇంకా తక్కువ. దానికి బదులుగా కొత్త ఇళ్లలోకి ప్రవేశం దొరుకుతుంది, ప్రచార ఖర్చు తగ్గుతుంది, రద్దు చేసుకునేవాళ్లు తగ్గుతారు. ఒకటి మాత్రం పోతుంది. ఆ ప్రేక్షకుడి ఫోన్ నంబర్, అలవాట్లు, బంధం ఎయిర్‌టెల్ దగ్గరే ఉంటాయి. రేపు వాళ్లు బండిల్ నుంచి తీసేస్తే చందాదారులు రాత్రికి రాత్రే మాయమవుతారు. బండిల్ అదనపు ఆదాయంగా ఉన్నంతవరకు మంచిదే. సగానికి మించి దాని మీద ఆధారపడితే ఆ ఓటీటీ చానల్ నంబర్ కోసం కేబుల్ ఆపరేటర్ దగ్గర నిలబడే పాత రోజులకు పోయినట్టే.

చందా కాకుండా సినిమాకు ఇంత అని కట్టే పద్ధతిని ప్రభుత్వాలు కూడా ప్రయత్నించాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ 2023 జూన్‌లో విడుదల రోజే ఇంట్లో సినిమా అంటూ 99 రూపాయల షో మొదలుపెట్టింది. ఆలోచన మంచిదే. థియేటర్ దూరంగా ఉన్న పల్లెకు, థియేటర్ దొరకని చిన్న నిర్మాతకు ఇద్దరికీ పనికొచ్చేది. అయితే జనం కోరుకునే సినిమా ఆ రోజు అక్కడ దొరకలేదు, దొరికిన సినిమా పేరు జనానికి తెలియలేదు. కేరళ ఇంకాస్త ఆలోచించి చేసింది. 2024 మార్చిలో రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థ సీస్పేస్ పేరుతో దేశంలో మొదటి ప్రభుత్వ ఓటీటీ పెట్టింది. సినిమాకు 75 రూపాయలు, అందులో సగం నిర్మాతకు. కొత్త సినిమాల వెంట పడకుండా, అవార్డులొచ్చినా ఎక్కడా దొరకని సినిమాలను చేర్చింది. లాభాల లెక్కలో ఇది నిలబడకపోవచ్చు. కానీ ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ను పెద్ద ఓటీటీలు వద్దన్నప్పుడు 2021 జనవరిలో నీస్ట్రీమ్ అనే చిన్న మలయాళ యాప్ తీసుకుందని, అది మార్మోగిపోయాకే అమెజాన్ కొనుక్కుందని గుర్తుంటే, చిన్న తలుపుల విలువ తెలుస్తుంది. తెలుగులో పాత నలుపు తెలుపు సినిమాలు, అవార్డు సినిమాలు మంచి ప్రింటుతో చట్టబద్ధంగా ఒక్కచోట దొరికే స్థలం ఇప్పటికీ లేదు. ఇది రెండు తెలుగు ప్రభుత్వాలూ కలిసి చేయాల్సిన పని.

థియేటర్‌కీ ఓటీటీకీ మధ్య గడువు మీద తెలుగు నిర్మాతలు 2022 ఆగస్టులో షూటింగులు ఆపి మరీ ఎనిమిది వారాలని తీర్మానించారు. ‘పుష్ప 2’ లాంటివి 56 రోజులు ఆగాయి, చాలా సినిమాలు నాలుగు వారాలకే వచ్చేస్తున్నాయి. ప్రాంతీయ ఓటీటీకి ఇది పెద్దవాళ్ల గొడవే. సొంతంగా తీసుకునే సిరీస్‌కు గడువు సమస్యే లేదు.

అసలు సమస్య కథలు రాసేవాళ్ల దగ్గర ఉంది. వారం వారం కొత్త కథ కావాలంటే రచయితలు కావాలి, ఒకరిద్దరు కాదు, గదినిండా. తెలుగులో రచయితకు డబ్బు ఇచ్చే పద్ధతి ఇంకా సినిమా కాలం నాటిదే. అడ్వాన్సు, విడతలు, చివరి విడత ఎప్పుడొస్తుందో తెలియదు. సిరీస్ ఆడినా రచయితకు అదనంగా ఏమీ రాదు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ, సినిమాలో వాడిన రచనను థియేటర్‌లో కాక ఇంకే విధంగా వినియోగించినా దాని రాయల్టీలో వాటా పొందే హక్కును రచయిత నిర్మాతకు రాసిచ్చేయడానికి వీల్లేదని చెబుతోంది. ఓటీటీ ఆ వినియోగాల్లో ఒకటి. ఒప్పందాల్లో మాత్రం ‘అన్ని హక్కులూ, అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా’ అన్న వాక్యమే కనిపిస్తుంది.

జియోహాట్‌స్టార్ తన 4,000 కోట్లలో కొంత తెలుగు సిరీస్‌ల మీద పెట్టడం మొదలుపెడితే, మొదట ఎగరేసుకుపోయేది చందాదారులను కాదు. ‘నైన్టీస్’ లాంటిది రాయగల పాతిక ముప్పై మందిని. జీతం విషయంలో పెద్ద కంపెనీతో ఆహా గానీ ఈటీవీ విన్ గానీ పోటీ పడలేవు. రెండో సీజన్ రాసే హక్కు రచయితకే ఉంచడం, సిరీస్ ఆడితే వాటా ఇవ్వడం, పాత్ర థియేటర్‌కు వెళ్తే అందులోనూ పేరూ భాగమూ ఇవ్వడం వాళ్ల చేతిలో ఉన్న పనులు. పది కోట్ల సినిమా హక్కుల కంటే వీటికయ్యే ఖర్చు చాలా తక్కువ.